పోశక్క తిట్లు బంద్ పెట్టిన సంగతి

ఏంది అమూల్యా, పిల్లి తింటలేదని నువ్వు గూడ పొద్దటిసంది ఏం తినలేదట. మీ అవ్వ చెప్పింది. డాక్టర్ సూశిండు గద, ఏమన్నడు? సమజైతలేదన్నడా. అంటడు, గది కొత్త ముచ్చటేం గాదు. ఇట్ల కూసో, నా పక్కన. గా ఫోను అవతల పెట్టు. పిల్లి కోసం రంది పడుడంటే నాకు మా పోశక్క యాదికొస్తది. నువ్వు సూడలే, నువ్వు పుట్టకముందే పోయింది. మేం శ్రీరాంపూర్ కాలనీల ఉన్నప్పుడు మా పక్క క్వార్టరే. పెనిమిటి బొగ్గుబాయిల పనిజేసుకుంటనే కాలంజేసిండు, పిల్లలు లేరు, ఆమెను బాయికాడి క్యాంటీన్ల వంటకు పెట్టుకున్నరు. మనిషి గింతే ఉంటుండె, నా భుజం కాడికి. నోరు మాత్రం, సైరన్‌కు లేవనోళ్లు సుత పోశక్క తిట్లకు లేస్తుండిరి. కోపమొచ్చే తిడుతదని గాదు, ఆమెకు ప్రేమ, పావురం గూడ గా తోవలనే వస్తుండె. "నీ నోట్ల మన్నువడ, ఇంకింత బువ్వ ఏసుకోరాదురా, బొక్కలు తేలినయి" అని కొసరి కొసరి పెడుతుండె.

ఆ పోశక్కకు ఒక మొగపిల్లి ఉండె. బూడిద రంగు, గింతింత మీసాలు. దాని పేరు ఓవర్‌మన్. నవ్వకు, ఇను. ఓవర్‌మన్ అంటే బాయిల మాతోని పని చేపిచ్చే సారు. "పనేం జెయ్యడు, తోక లేపుకొని అన్ని జాగలు తిరిగి సూసొస్తడు, టైముకు తింటడు, ఓవర్‌మన్ గాక ఇంకేందిరా వీడు" అంటుండె. పాలల్ల బువ్వ పిసికి పెట్టి, అది తిన్నంకనే ఆమె తినేది.

గసొంటి ఓవర్‌మన్ ఒకనాడు తినుడు బంద్ పెట్టిండు. మంచం కిందికి జొచ్చిండు, పిలిస్తే కండ్లు తెరుస్తడు, మల్ల మూస్తడు. పాలు పెట్టింది, చేప పెట్టింది, గుడ్డు ఉడకబెట్టింది, మూతి సుత పెట్టలే. తెల్లారి క్యాంటీన్ల గంటె పట్టుకొని, "ఓవర్‌మన్ తింటలేడు, మంచం కింద వడ్డడు" అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. కొత్తగ పనిల చేరిన వెంకటేశ్ అనేటోడు గది ఇన్నడు. పాపం వాడు నిజమే అనుకొని బత్తాయిలు కొనుక్కొని అసలు ఓవర్‌మన్ సారు ఇంటికి పోయిండు. సారు అరుగు మీద కూసోని మటన్ బొక్క పీలుస్తుండట. "సారూ, మంచం కింద వడ్డరట గద" అన్నడట వీడు. ఇగ గా లొల్లి వేరే, గిప్పుడొద్దు.

ఏడున్న... ఆఁ, డాక్టరు. గంపల బట్ట పరిచి, పిల్లిని పండవెట్టి, మీద జల్లెడ బోర్లిచ్చి బస్సుల పశువుల దవాఖానకు తీస్కపోయింది. అక్కడ భానుప్రసాద్ అని డాక్టరు, నిమ్మలమైన మనిషి. నోరు తెరిచి సూశిండు, కడుపు ఒత్తి సూశిండు, సూది ఇచ్చిండు. "అవ్వా, అబద్ధమెందుకు, గిది దేంతోని అయ్యిందో నాకు తెలుస్తలేదు. జర జర నీళ్లు తాపు, ఊకె ఎత్తకు, దగ్గరుండి సూస్కో" అన్నడు. తెల్వదని చెప్పనీకి గింత సదువెందుకయ్యా అందామని నోటిదాంక వచ్చిందట. మింగింది. ఎందుకంటవా, పొద్దుగాలనే కొండగట్టు దిక్కు తిరిగి దండం పెట్టి మొక్కుకున్నది మల్ల. "అంజన్నా, కోడిని ఇస్తనంటె నువ్వు తినవు. కొబ్బరికాయ అందరిస్తరు. నా తాన ఉన్నది నోరొక్కటే. నా పిల్లి తినేదాంక ఎవ్వల్ని తిట్ట" అని.

ఇగ సూడు గమ్మతి. క్యాంటీన్ల ఎవడో "పోశక్కా, కూరల ఉప్పు తక్కువైంది" అన్నడు. ఎన్నడన్న గట్లని బతికిండా ఎవడన్న? "అయ్యిందా బిడ్డా, ఇగో ఉప్పు" అన్నది. అందరు కంచంల తలకాయ పెట్టి సప్పుడు లేకుంట తిన్నరు. పోరగాండ్లు ఆమె జామచెట్టు ఎక్కితే, "మెల్లగ దిగున్రి బిడ్డా, కాళ్లు పైలం" అన్నది. వాళ్లు భయపడి ఒక్క కాయ సుత తెంపకుంట దిగి ఉరికిన్రు. ఎదురు క్వార్టర్ బాలలక్ష్మికి, పోశక్కకు నల్ల నీళ్లకాడ ఎప్పటిసందో కొట్లాట. ఆమె అలవాటుగ తన బిందె ముందుకు జరిపింది. "పట్టుకో చెల్లె" అన్నది పోశక్క. బాలలక్ష్మి బిందె ఆడనే ఇడిసి మా ఇంటికొచ్చింది. "ఎల్లేశమన్నా, ఆమె నన్ను చెల్లె అన్నదే. నాకు బుగులైతుంది. ఆమెకేమన్నైతె నేనెవ్వలతోని కొట్లాడాలె" అంటది.

ఆ పొద్దుమూకి బాలలక్ష్మే ఎండు రొయ్యలు పట్టుకొని పోశక్క ఇంటికి పోయింది. ఇద్దరు మంచం పక్కన కింద కూసున్నరు. "ఏడ నొస్తుందో చెప్తే సగం నేను పడుదు. దానికి నోరు లేకపాయె, నాకేమో గింత నోరిచ్చిండు దేవుడు" అన్నది పోశక్క. "నీ నోట్ల సగం దానికియ్యి, ఇద్దరికి సరిపోతది" అన్నది బాలలక్ష్మి. గట్లని జొన్న గటుక కలిపి ఆమె ముందటవెట్టి, "ముందు నువ్వు తిను. నువ్వు పడితె రేపు అది లేచినంక ఎవ్వలు పెడుతరు దానికి" అని తినిపిచ్చింది. పిల్లి మాత్రం ఏం ముట్టకుంట అట్లనే ఉన్నది. బాలలక్ష్మి రోజు వచ్చుడు వెట్టింది. ఒకామె నీళ్లు తాపుతె ఒకామె కునుకు తీసేది.

ఒక పొద్దుగాల పోశక్క నీళ్లకని బయటికి పోయింది. బాలలక్ష్మి గోడకానుకొని కునుకుతుంది, రొయ్యలు పట్టిన చెయ్యి కిందికి ఏలాడవడ్డది. ఓవర్‌మన్ మెల్లగ మంచం కిందికెల్లి వచ్చిండు. గా చేతి ఏళ్లు నాకిండు. పక్కన గిన్నెలున్న రొయ్యలు నమిలిండు. పోశక్క బిందెతోని తలుపుల నిలబడి సూశింది. బిందె కింద దించింది. ఇగ మొదలువెట్టింది సూడు. "ఓరి నీ మొకం మండ, పాలువెడ్తినిరా, గుడ్డువెడ్తినిరా, అంజన్న కాడ నా నోరు కుదువవెడ్తినిరా. ఆఖరికి గీ నల్లకాడి దొంగ చేతుల తింటవారా. ఏమే బాలలక్ష్మీ, నీ బిందె పగల, ఏం మందువెట్టినవే నా పిల్లికి." తిడుతుంది, ఏడుస్తుంది, బాలలక్ష్మిని గట్టిగ పట్టుకొని మల్ల తిడుతుంది. కాలనీ అంత బయటికొచ్చింది. డ్యూటీకి పోయేటోళ్లు సైకిళ్లు ఆపిన్రు. గన్ని రోజులు మిగిలిన తిట్లన్ని ఒక్కొక్కల పేరు పెట్టి పిలిచి పంచింది. తిట్టువడ్డోడల్ల పెండ్లి భోజనం తిన్నట్టు నవ్వుకుంట పోతుండు. వెంకటేశ్ పాపం సివరిదాంక నిలబడి, "అక్కా, నన్నేం అనకపోతివి" అన్నడు.

ఎందుకైందో, ఎట్ల తగ్గిందో ఎవ్వలకు తెల్వలే. భానుప్రసాద్ సారునడిగితె గప్పుడు సుత తెల్వదనే అన్నడు. ఓవర్‌మన్ ఇంక శానా ఏండ్లు బతికిండు. మొక్కు తీరిందని చెప్పనీకి కొండగట్టుకు ఇద్దరు కలిసే పోయిన్రు, నేను తోలుకపోయిన. జగిత్యాల దాంక కిటికీ సీటు కోసం కొట్లాడుతనే ఉన్నరు, కండక్టర్ దించేస్తనన్నడు. నేను గుట్ట కింద చాయ హోటల్ కాడ ఆగిన. దర్శనం అయ్యి మల్ల దిగొస్తున్నరు. బాలలక్ష్మికి మోకాలు నొప్పి, పోశక్క భుజం పట్టుకొని ఒక్కొక్క మెట్టు దిగుతుంది. ఇద్దరి సంచులు పోశక్క చేతులనే. నాకు ముందుగాల తిట్లు ఇనవడ్డయి, ఎనక మనుషులు అవుపడ్డరు. గట్ల...

ఏం లేదు బిడ్డా, గా తిట్లు మల్ల ఇనవడ్డట్టైంది. ఇగ లే, ముందు నువ్వింత తిను. గా కిటికీ జర దగ్గరికెయ్యి, గాలొస్తుంది.