సీటు కింది తాడు

హలో… ఆ, నేనే మురళీ. మీ వదినని.

… డప్పులల్ల వినిపిస్తలేదు. జర గట్టిగ మాట్లాడు.

… జీపు ఆగిందా? ఏడ? … ఛత్రినాక ఎత్తు మీదనా. ఎనక అమ్మవారి ఫలారం బండి గూడ కట్టి ఉన్నది గదా.

ముందుగాల చక్రాల కింద రాళ్లు పెట్టించు… ఎల్లయ్య పెట్టిండా. మంచిది. రాళ్లు పట్టుకొని బండెంబడి నడువుమని పొద్దుగాల నేనే చెప్పిన.

… ఎందుకేంది. ఆగుతదని నాకెర్క.

ఇంజన్ మొత్తుకుంటది, చక్రం కదలదు. లివరు ఎనకకు గుంజితే మళ్ల ముందుకు ఎగిరిపోతది. అంతేనా? … ఫికర్ చెయ్యకు. పాత బండ్లు గిట్లనే ఉంటయ్.

… ఏడనో విన్నట్టున్నదా? నీ మాటనే. పోయినేడు బోనాలప్పుడు నా జీపు రిపేరుకని నీ షెడ్డుకు తెస్తే చెప్పినవ్. "పాత బండ్లు గిట్లనే ఉంటయ్ వదినా" అని.

ఇంజన్ బలం చక్రాలకిచ్చే పెట్టె, మంచిగున్న నా ట్రాన్స్‌ఫర్ కేసు, ఇప్పి నీ జీపుకు బిగించుకున్నవ్. అరిగిపోయిన నీది నాకు తగిలించినవ్.

… ఎవలు చెప్పిన్రా? నాడు నాకు అనుమానమే, ఖాయం చేసింది డానియేలు. క్రిస్మస్‌కు సెలవడిగితే షెడ్డుల నుంచి ఎల్లగొట్టినవ్ సూడు, ఆయననే. నాడు నువ్వు చెప్తె బిగించిండు. నిన్న నేను చెప్తె ఇప్పిండు. నువ్వు అత్తమ్మను తోలుకొని చీరెలకని పత్తర్‌గట్టికి పోయినవ్ గదా… గప్పుడే. నాది నాకొచ్చింది, నీది నీకు.

— అరువకు. పక్కన అత్తమ్మ ఉన్నది, ఒడిల బోనం పెట్టుకొని.

బండి కదలాల్నా? ఎట్ల కదులుతదో నాకెర్క. ఫోన్ స్పీకర్‌ల పెట్టు. అత్తమ్మకు నువ్వే చెప్పు, ఏం చేసినవో.

… పైసలా? నాకొద్దు. ఏడాది సంది ఆమె నాతోని మాట్లాడుతలేదు మురళీ. "నా కొడుకును దొంగంటవా" అని బస్తీ ఆడోళ్ల ముందట నన్ను బయటికి నూకింది. మీ అన్న సచ్చిపోయిన్నాడు గూడ గట్ల ఏడ్వలే నేను.

… పెట్టవా? సరే. ఆడనే ఉండు. పాలు పోసొచ్చి కూసున్న, నాకేం తొందర లేదు.

…

… స్పీకర్‌ల పెట్టినవా? అత్తమ్మా, నేను రాజమణిని. మురళి ఏదో చెప్తడు, విను.

… చెప్పు. డప్పులు గూడ ఆగినయ్.

…

"పొరపాటు" గాదు. ఏం తీసినవో చెప్పు. ఎవల బండిల కెల్లి తీసినవో చెప్పు.

…

ఆ.

… అత్తమ్మా, ఆ పెట్టె మీద నీ పెద్దకొడుకు ఉలితోని నీ పేరు కొట్టిండు, ఆగమ్మ అని. ఇప్పుడు నా జీపు కింద ఉన్నది. ఎప్పుడొచ్చినా సూపిస్త.

… ఏడ్వకు. బోనం జాగ్రత్త.

… ఇగ మురళీ, అమ్మవారి బండి ఆగొద్దు. నీ సీటు కింద చెయ్యి పెట్టు. తాడు దొరికిందా? … మా బర్రెది, నిన్న నేనే పెట్టించిన. జహనుమా నుంచి పాల క్యాన్లు ఏసుకొని ఏడాది సంది గదే కట్టి తోలిన. లివరు ఎనకకు గుంజి సీటు కాలుకు కట్టు.

… ఇంక గట్టిగ.

… కదిలిందా. మెల్లగ పో.

… లేదు, తాడు తిరిగియ్యకు. ఇగ రోజు నీకే కావాలె. ఫోన్ పెడుతున్న.