కొడుకు గొంతు

నేను చేసి పంపిన యాపిల్ పై ముట్టనైనా ముట్టకుండా గిన్నె తెచ్చి నా గుమ్మంలో పెట్టి పోతావా ఒడెస్సక్కా? ఇన్నేళ్లు చర్చిలో పక్కపక్కన నిలబడి పాడామే, ఒక్క మాట అనడానికి నోరు రాలేదా? తిట్టాలని ఉంటే తిట్టు. తలుపు తీసి మరీ తిట్టు!

సరే, తియ్యకు. తలుపు కింద నీ కాళ్లు కనిపిస్తున్నాయిలే. ఈ షికాగో చలిలో నా మోకాళ్ల సంగతి నీకు తెలియనిది కాదు. అయినా ఈ మెట్ల మీదే కూర్చుని చెబుతా.

ఆ పాటలో మీవాణ్ని తిడుతున్నది మా కీషాన్ కాదక్కా. వాడు పోయి రెండేళ్లు. మీ ట్రెమైన్‌ని కాల్చింది మొన్న అక్టోబర్లో. ముందు పోయినవాడు తర్వాత పోయినవాణ్ని వెక్కిరిస్తూ ఎలా పాడతాడు? నువ్వైనా ఆలోచించవా? మావాడి శవపెట్టె మోసినవాళ్లలో అందరికన్నా ముందున్నది నీ కొడుకే కదా! వాడి ఫొటో అచ్చేసిన చొక్కా వేసుకుని, వెక్కి వెక్కి ఏడుస్తూ...

వాడి గొంతుని మెషీన్‌తో చేశారక్కా, ఆ పాటల కంపెనీ వాళ్లు. అవును, వాడి ఫోను ఇచ్చింది నేనే. కాదనను. వాడు నాకు పెట్టిన వాయిస్ మెసేజ్‌లన్నీ అందులోనే ఉన్నాయి. ఆ కంపెనీ నుంచి బ్రైస్ అనే కుర్రాడొచ్చి, మా సోఫాలో కూర్చుని, "మీ అబ్బాయి గొంతు చావనివ్వం మేడమ్" అన్నాడు. చచ్చిన కొడుకు గొంతు బతికిస్తానంటే ఏ తల్లి వద్దంటుంది? నువ్వనేదానివా? ఫోను ఇంతవరకూ తిరిగివ్వలేదు వెధవ.

మావాడు ఏం పాడేవాడో నీకు తెలీదూ? మీ వంటింట్లోనే కదా, ట్రెమైన్ బల్ల మీద దరువేస్తుంటే పాడేది! హీటర్ చెడిపోతే అందరం ఒకే దుప్పట్లో దూరడం, బస్సులో నిద్రపోయి చివరి స్టాపులో తేలడం... నువ్వు గరిటె పట్టుకుని పడీ పడీ నవ్వేదానివి. ఆ పాటలు వాడు పట్టుకెళ్తే కంపెనీ వాళ్లేమన్నారో తెలుసా? "బాగానే ఉన్నాయి గానీ ఎవడు కొంటాడయ్యా? మీ వీధికీ పక్క వీధికీ పడదు కదా, అది పాడు. చచ్చినోళ్ల పేర్లెత్తి పాడు."

మావాడు ఇంటికొచ్చి ఒకటే నవ్వు. "పక్క వీధంటే ట్రెమైన్ గాడే కదా మమ్మా! వాణ్నేమని తిట్టను? నా బూట్లు ఎత్తుకుపోయాడనా?"

బతికుండగా వాడు అననన్న మాటలు చచ్చాక అనిపించారు.

పొద్దున చర్చి బయట చూశావుగా, ఆ పిల్లల్ని? మూతి మీద పాల తడి ఆరలేదు. ఆ పాట పెట్టుకుని ఫోను ముందు గంతులు! ట్రెమైన్ పేరొచ్చినప్పుడల్లా నేల మీద పడి చచ్చినట్టు నటించడం, ఇకిలించడం. వాళ్లలో ఒకడికి మీవాడే బంతాట నేర్పాడు. చెవి మెలేసి, "ఎవర్ని చూసి నవ్వుతున్నావురా?" అని అడిగా. వాడేమన్నాడో విన్నావా? "కీషానన్నే అన్నాడుగా ఆంటీ."



ఆ బ్రైస్‌కి అప్పుడే ఫోన్ చేసి దుమ్మెత్తిపోశా. వాడు తాపీగా, "పాట ఇప్పుడే ఊపందుకుంది మేడమ్. తల్లి మీరు, స్వయంగా ఆఫీసుకొచ్చి వద్దంటే ఆపక తప్పదనుకోండి. ఒకసారి ఆలోచించుకోండి" అన్నాడు. ఆలోచించడానికేముంది? నా నోట ఒక్క మాట, ఆగిపోతుంది. రేపు నాతో రా అక్కా. నీ కొడుకు పేరు వాళ్ల నోట్లోంచి లాగేద్దాం.

ఏంటీ, తలుపు గొలుసు తీస్తున్నావా? ఆగు. ఇది కూడా విను, తర్వాత నీ ఇష్టం.

ఆ పాట చివర, నీ కొడుకుని అనాల్సినవన్నీ అనేశాక, దరువు ఆగిపోయి, "మమ్మా, తిన్నావా?" అంటాడు. పనిలోంచి రోజూ మెసేజ్ పెట్టి అడిగేవాడే, అచ్చం అలాగే. అది మావాడిదో మెషీన్‌దో నాకే తెలియట్లేదు. కన్నదాన్ని, నాకే!

పాట చివరికి జరుపుకుని అదొక్కటే వినొచ్చు. వినను. మొదట్నుంచీ వింటా. నీ కొడుకుని తిడుతున్నా వింటా. అదీ వాడి గొంతేగా అక్కా. వంట చేస్తూ వింటా, బట్టలు మడతపెడుతూ వింటా. "తిన్నాను నాన్నా" అని జవాబు కూడా చెప్తా. చీ, నా బతుకు!

ఫోనూ వాళ్ల దగ్గరే, ఆ పాట కూడా ఆపేస్తే నాకు ఇంకేముంది?

పాట వచ్చింది ఈ వారంలో కాదక్కా, ముందే వచ్చింది, నాకు తెలుసు. ఆపమని అడగడానికి పోయిన వారమే ఒకసారి, ఒక్కదాన్నే వెళ్లా. వాళ్ల ఆఫీసు గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేశా.