రెండు పక్కలా మోగిన గంట

అధ్యక్షులు పాస్టరు అయ్యగారికి, ముందు వరసలోని సంఘ పెద్దలకు, వెనక గోడకానుకుని నిలబడిన మా ప్రొద్దుటూరు ఆర్కెస్ట్రా మిత్రులకు, శాలువా బరువుకు తల వంచుకుని కూర్చున్న మా తిమోతి మామకు నమస్కారం. తల పైకెత్తు మామా! మీటింగులో బాంబు పడినప్పుడు కూడా నువ్వింతగా వంగలేదు. (నవ్వులు)

నేను కమాల్ బాషాను. ఈ జమ్మలమడుగు చర్చిలో ప్రతి క్రిస్మస్‌కూ డోలక్ నాదే. ఏ పక్కా కూర్చోని సాక్షిని కాబట్టి నన్ను మాట్లాడమన్నట్టున్నారు.

ఈ చర్చిలో పాటలకు వాయించే మామ దగ్గర పాత జపాన్ కీబోర్డు ఉండేది. ఆ రకం తయారీ అప్పటికే ఆగిపోయింది. అందులో గంట స్వరం నొక్కితే ముందు ఖంగుమని లోహం తగిలి, ఆ వెనక చల్లగా నాదం సాగుతూ పోయేది. క్రిస్మస్ వేకువన ఆ గంట వినిపిస్తేనే మీ అందరికీ పండగ. మా ఆర్కెస్ట్రా వాయించే పార్టీ మీటింగుల్లోనూ అంతే, జెండా ఏ రంగుదైనా నాయకుడు మెట్లెక్కేటప్పుడు మా మామ గంటే. "అది కూలి, ఇది ఆరాధన" అనేవాడు. చివరికి ఆ కూలే దాన్ని మింగింది. పులివెందుల దారిలో ఒక మీటింగులో వేదిక మీద బాంబు పడింది. మేం బతికాం, కీబోర్డు బతకలేదు. మామ దాని ముక్కలు తువ్వాల్లో ఏరుకుంటుంటే నాకు ఏడుపు ఆగలేదు.

అప్పట్లో పార్టీలు చర్చిలోకీ వచ్చి బెంచీల మీద కూర్చున్నాయి. ఎడమ పక్క దేవదానం గారి మనుషులు, కుడి పక్క ఆనందయ్య గారి మనుషులు. కోప్పడకండి పెద్దలారా, మీరిప్పుడు ఒకే సోడా పంచుకుంటున్నారని నాకు తెలుసు. (నవ్వులు) దేవదానం గారు మామకు కొత్త కీబోర్డు తెచ్చారు. అది విని ఆనందయ్య గారు ఇంకొకటి తెచ్చారు. "మాదాని మీద వాయించకుంటే వేరే గుడి కట్టుకుంటాం" అని ఇటూ అదే మాట, అటూ అదే మాట. ఒక ఆదివారం ఒకదాని మీద వాయిస్తే సగం చర్చి లేచిపోయింది, మరుసటి ఆదివారం రెండోదాని మీద వాయిస్తే మిగతా సగం. మామ అడకత్తెరలో పోకచెక్కయ్యాడు. రత్నమణి అత్త విసిగిపోయి, "ఆ రెండు పెట్టెలూ పెన్నలో ఇసిరేసి రా, ఖాజీపేటకు పోయి బతుకుదాం" అనింది. ఆ క్రిస్మస్‌తో సంఘం రెండు ముక్కలవుతుందనే అందరం అనుకున్నాం.

మామ మాత్రం రెండింట్లోనూ పాత గంట కోసం వెతికాడు. దేవదానం గారి దాంట్లో లోహపు దెబ్బ ఉంది గానీ నాదం సాగదు. ఆనందయ్య గారి దాంట్లో నాదం సాగుతుంది గానీ దెబ్బ మెత్తన.

"బాషా, గంటకు తల ఈడుంది, తోక ఆడుంది. ఏంది జేద్దాం?" అన్నాడు.

"అతికించు మామా" అన్నాను, ఎగతాళికే.

నిజంగానే అతికించాడు! ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యలో వైరు కలిపాడు. పైదాని మీట నొక్కితే కిందదీ పలుకుతుంది. ఒకదాంట్లో దెబ్బను మాత్రం ఉంచి టక్కున తుంచి, రెండోదాంట్లో నాదాన్ని పాత గంటలా అలలుగా సాగేలా శ్రుతికి వెంట్రుకవాసి పక్కకు జరిపాడు.

క్రిస్మస్ వేకువన అందరూ లేచిపోవడానికి సిద్ధపడే వచ్చారు. మామ ఒక్క మీట నొక్కాడు. అదే గంట! లీలమ్మ అవ్వ, "వచ్చెనప్పా మన గంట!" అని కేకేసింది.

దేవదానం గారు లేచి, "ఏమప్పా తిమోతీ, ఎవురి దాంట్లో వాయిస్తాండావు?" అన్నారు.

"రెండింట్లో, అన్నా" అన్నాడు మామ. " పోవాలనుకునేటోళ్లు వాళ్ల పెట్టె తీస్కపోండి. గంట మాత్రం సగమే మిగుల్తాది."

అప్పుడు కుడి పక్క నుంచి ఆనందయ్య గారు, "కూచోప్పా దేవదానం, పాట కానీ" అన్నారు. దేవదానం గారు కూర్చున్నారు! (చప్పట్లు) ఆ రోజు నా డోలక్ పగలనందుకు నాకే ఆశ్చర్యం. గెలిచాం మామా, ఏ పార్టీ జెండా లేకుండా గెలిచాం!

ఈ రోజు మామ ఆ కీబోర్డు ముందు కుర్చీ, ఇక మీద వాయించబోయే ఎలిజబెత్‌కు ఇచ్చి దిగుతున్నాడు. ఇప్పుడొచ్చే కీబోర్డుల్లో అలాంటి పాత స్వరాలన్నీ ఒక్క మీటకే వస్తాయట. కొందామంటే పెద్దలిద్దరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. వాళ్లు ఒక్కటిగా మాట్లాడటం చూడ్డానికైనా ఇన్నేళ్లు బతకొచ్చు. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఎలిజబెత్తమ్మా, దుమ్ము తుడిచేటప్పుడు ఆ రెండు పెట్టెల మధ్య వైరు మాత్రం ఊడనియ్యకు. సెలవు.