గడప దాటని కూతురు

అమెరికాలోని మోంటానాలో మంచు కరుగుతున్న ఓ మధ్యాహ్నం. తండ్రి షెడ్డులో రివాల్వర్ తూటాల కోసం సీసం కరిగిస్తున్నాడు. కూతురు గడప బయటే ఆగింది.

"లోపలికి రా తల్లీ. సీసం చందమామలా ఎలా మెరుస్తోందో చూడు."

"ఇక్కణ్ణించే కనబడుతోంది నాన్నా."

"సీసం పోసే అచ్చు ఇంకా వేడెక్కలేదు, అందుకే తూటాలన్నీ మీ నానమ్మ బుగ్గల్లా ముడతలు పడుతున్నాయి. కాస్త అచ్చు పట్టుకో."

"ఇవాళ పట్టుకోను."

"చిన్నప్పుడు బయటికి తోసినా ఈ షెడ్డులోంచి కదిలేదానివి కాదు. అలిగావా?"

"సీసం పొగ మంచిది కాదంది డాక్టరు."

"నాకా?"

"నాకు. మూడో నెల. పోయినసారి నిలవలేదు కదా. ఈసారి బిడ్డ గుండె చప్పుడు విన్నాను."

ఆయన గరిటె దించి, పొయ్యి ఆర్పేశాడు.

"నాన్నా, ఏడుస్తున్నావా?"

"అక్కడే ఉండు. చేతులు రెండుసార్లు కడుక్కుని, చొక్కా మార్చుకుని నేనే వస్తాను."