రెండో కుర్చీ

మర్నాడు ఉక్కు ఫ్యాక్టరీ నుంచి రిటైరవుతున్న క్రేన్ ఆపరేటర్ క్యాంటీన్‌లో టీ చల్లార్చుకుంటున్నాడు. సన్మానం ఏర్పాట్లు చూస్తున్న యూనియన్ నాయకుడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“బావా, రేపు స్టేజీ మీద ఎప్పట్లాగే మొగుడూ పెళ్ళాలకి రెండు కుర్చీలేస్తాం. నీకా, పెళ్ళి అవనేదు. రెండోది తీయించేద్దునా?”

“ఉంచు. యోహాన్ కూకుంటాడు.”

“నీ రూమ్మేటా? ఆ కుర్చీ పెళ్ళాలది బావా. ఇన్నాళ్ళూ డ్యూటీకి క్యారేజీ కట్టిచ్చినందుకు.”

“నా క్యారేజీ ఎవులు కట్టినారు? అందులో సేపల పులుసు సగం నువ్వే తిన్నావు.”

“తిన్నాను, బాగుంటాది. అలాగని జనం ఏటనుకుంటారు?”

“ఇరవై రెండేళ్ళుగా ఒకే క్వార్టర్లో ఉన్నాం. ఇన్నాళ్ళూ ఏటనుకున్నారు?”

“మీరిద్దరూ కాపరం సేత్తన్నారని అందరికీ తెలుసు బావా. స్టేజీ ఎక్కితే తెలిసినట్టు అయిపోద్ది, అదీ బాధ. అందుకే మా వదినని అడిగినాను. నీ పక్కన గంటసేపు కూకుంటాదంట. ఫొటో నిండుగా ఉంటాది.”

“మీ వదినని నానెప్పుడూ సూడనేదు.”

“అయితే ఏటి? ఆడమనిషే కదా.”

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు.

“యోహాన్ కూకోకపోతే నానూ రాను. దండలు కుర్చీలకే వేసుకోండి.”

నాయకుడు తల గోక్కున్నాడు.

“పెద్దాఫీసరొస్తన్నాడు. మూడొందల భోజనాలు సెప్పేసినాం. సరే, కూకోమను. కానీ పెళ్ళానికిచ్చే పట్టుసీర కూడా కొనేసినాం బావా. కొట్టోడు తిరిగి తీసుకోడు.”

“మీ వదినకిచ్చెయ్. మొకం తెలీనోడి పక్కన పెళ్ళాంలాగ కూకోడానికి ఒప్పుకుంది పాపం. యోహాన్‌కి శాలువా తే.”