సాయమ్మ పారబోసిన నీళ్ళు

నా పేరు యాదలక్ష్మి, తండ్రి కీ.శే. సైదులు. వయసు నలభై ఆరు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ వెనక కాలనీలో కింది పోర్షన్‌లో కిరాయికి ఉంటాను. ఒంటరిదాన్ని. ఎస్ఐ గారు అడిగినదానికి నా అంతట నేను చెబుతున్నది ఇది.

నేను ఇంట్లో యాసిడ్ డ్రమ్ములు పెట్టానని, వాటివల్ల తన తల్లి సాయమ్మ కుడి కన్ను దెబ్బతిందని జాషువా ఫిర్యాదు ఇచ్చాడు. కన్ను దెబ్బతిన్న మాట నిజం. డ్రమ్ముల్లో ఉన్నది మాత్రం కొనుక్కొచ్చిన యాసిడ్ కాదు. రాగి ఖనిజపు పొడి, నీళ్ళు, ఆ నీళ్ళలో బతికే బ్యాక్టీరియా. అవి రాతిలోని గంధకం మీద, ఇనుము మీద బతుకుతాయి. నీళ్ళు పుల్లబడి యాసిడ్‌లా తయారవుతాయి, రాతిలోని రాగి కరిగి నీళ్ళు నీలం తిరుగుతాయి. అందులో ఇనుప మేకు వేస్తే దానిమీద ఎర్రగా రాగి పేరుకుంటుంది. కొలిమి అక్కర్లేదు, పొగ రాదు. పురుగులు రాగి తీయడమేమిటని ఎస్ఐ గారు నవ్వారు. కాలేజీలో కూడా నవ్వుతారు, నాకు అలవాటే.

ఆ బ్యాక్టీరియా ఎక్కడా కొన్నది కాదు. మా నాన్న పనిచేసిన రాగి గని మూతపడ్డాక, ఆయనే నన్ను సొరంగంలోకి తీసుకెళ్ళి గోడ మీద కారుతున్న నీళ్ళు సీసాలోకి పట్టించాడు. పన్నెండేళ్ళుగా, పాలలో తోడు వేసినట్టు, పాత నీళ్ళు కొంచెం కొత్త పొడిలో కలుపుతూ వాటిని బతికించుకున్నాను. నాన్న పోయాడు. నిరుడు సొరంగం నోరు కాంక్రీటుతో మూసేశారు. ఇక ఆ నీళ్ళు దొరకవు.

సాయమ్మది మా పక్క పోర్షన్. ఆమె పెద్దకొడుకు స్తెఫను రెండేళ్ళ కింద డెంగీతో చనిపోయాడు. అప్పటినుంచి ఎక్కడ నిలిచిన నీళ్ళు కనబడినా పారబోస్తుంది. కూలర్లో అయినా, పూలకుండీ కింది పళ్ళెంలో అయినా, ఎవరి గడప ముందరి బకెట్లో అయినా సరే. సందులో ఎవరూ ఆమెను ఏమీ అనరు. నా డ్రమ్ములు చూసి మొదట గొడవ పెట్టుకుంది.

"గిన్ని నీళ్ళు గిట్ల పెడితే దోమలు రావా టీచరమ్మా?" అంది.

డ్రమ్ముల్లోకి గాలి ఊదే మోటారు చూపించాను. చేపల తొట్టికి పెట్టేలాంటిదే. "బుడగలొచ్చినంతసేపు దోమ వాలదు పెద్దమ్మా" అని చెప్పాను. అంత పుల్లటి నీళ్ళలో దోమ ఎలాగూ బతకదు. కానీ బుడగలైతే ఆమె కంటికి కనబడతాయి కదా అని ఆ మాట చెప్పాను. అప్పటినుంచి రోజూ పొద్దున్నే వచ్చి బుడగలు చూసి పోయేది.

పది రోజుల కింద, సోమవారం సాయంత్రం మా కాలేజీలో పనిచేసే ప్రసన్నకుమార్ సీసా పట్టుకుని వచ్చాడు, ఆ బ్యాక్టీరియాను తన ల్యాబులో కూడా కొంచెం పెంచుతానని. అప్పుడే దీపం పెట్టాను. దీపం పెట్టాక తోడు ఇవ్వరు, రేపు రా అన్నాను. సైన్సు చెప్పేదాన్ని, ఆ మాట అన్నాను. అతను నవ్వి ఖాళీ సీసాతో వెళ్ళిపోయాడు.

మంగళవారం పొద్దున గాలివానకు కరెంటు పోయింది. నేను పరీక్షల డ్యూటీలో ఉన్నాను. మోటారు ఆగింది. బుడగలు ఆగాయి. సాయమ్మ డ్రమ్ములు ఒకటొకటే ఒంపేసింది. చివరిది చెయ్యి జారి నీళ్ళు కంట్లో చిమ్మాయి. అప్పుడు కూడా ఆగలేదని, డ్రమ్ము ఫినాయిల్‌తో కడిగి బోర్లించాకే కేక వేసిందని పై పోర్షన్ ఇంద్రాణి చెప్పింది. నేను వచ్చేసరికి సాయమ్మను దవాఖానకు తీసుకెళ్ళారు. వాకిలంతా ఫినాయిల్ వాసన. నేల మీద మిగిలిన తడి మన్ను గీకి, కొత్త పొడి, నీళ్ళు కలిపి సీసాలో వేసి వారం చూశాను. నీళ్ళు నీలం తిరగలేదు, తెల్లగానే ఉన్నాయి.

ఎదురు కేసు పెడతారా అని ఎస్ఐ గారు అడిగారు. పెట్టను. మూత లేకుండా డ్రమ్ములు వాకిట్లో ఉంచింది నేనే. దానికి ఏ శిక్ష వేసినా పడతాను. కోపం లేదని మాత్రం చెప్పలేను. ఆమె మీద ఉంది, కరెంటు మీద ఉంది, ఆ సాయంత్రం నేను పెట్టిన దీపం మీద కూడా ఉంది.

నిన్న దవాఖానకు వెళ్ళాను. చూపు సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. నా గొంతు గుర్తుపట్టి సాయమ్మ చెయ్యి పట్టుకుంది.

"బుడగలు రాలే బిడ్డా. జర సేపు ఆగి గూడ చూసిన. రాలే" అంది. చెయ్యి వదలకుండానే, "మీ నాయిన ఇచ్చినయంటివి గదా. ఏమన్న మిగిలినయా?" అని అడిగింది.

మిగిలాయన్నాను. సీసాలో దాచినవి ఉన్నాయని, నీళ్ళు మళ్ళీ నీలం తిరుగుతున్నాయని చెప్పాను. "దేవునికి స్తోత్రం" అని అటు తిరిగి పడుకుంది.

ఆమెతో చెప్పింది అబద్ధం. అది తప్ప ఈ కాగితంలో నా నోటితో చెప్పిందంతా నిజం. రాసింది నాకు చదివి వినిపించారు, నేనూ చదువుకున్నాను, సరిగ్గా ఉంది. దీన్ని సాయమ్మకు మాత్రం చదివి వినిపించవద్దని వేడుకుంటున్నాను.

(సంతకం) యాదలక్ష్మి