కెజయా పతకం

అదా? సొరుగులో దొరికిందా నీకు? తగరం పతకమేలే అమ్మాయ్, మెరుపు చూసి వెండి అనుకునేవు. లండన్ గాజుమేడలో నాలుగు వేలమందిమి కలిసి పాడితే తలా ఒకటి ఇచ్చారు, ఇది నాది. మా చర్చి నుంచి ఇరవైమందిమి వెళ్ళాం, రైల్లో, రొట్టే జున్నూ మూటగట్టుకుని. మా పాటల మాస్టారు విటేకర్ గారు... ఆయన మీసం సంగతి మొదలెడితే పొద్దు చాలదు. నా పక్కన కెజయా నిలబడింది. ఎవరంటావేం? మిల్లులో నా ఎదురు మగ్గం పిల్ల. ఆ మగ్గాల మోతకి పాతికేళ్ళకే తనకి చెవులు పోయాయి. మాకేం ఇబ్బంది లేదు, మిల్లులో అందరం పెదాలతోనే మాట్లాడుకునేవాళ్ళం. ఇదిగో, నోరు ఇంత వెడల్పు చేసి, చప్పుడు లేకుండా. లండన్ నుంచి రాగానే తనని పెళ్ళి మాట కూడా అలాగే అడుగుదామనుకున్నా.

మాస్టారు ముందే చెప్పాడు తనకి, "నువ్వు ఊరికే నోరాడించు తల్లీ, గొంతు బయటికి రానీకు" అని. సరేనంది. పాటంటే ప్రాణం పాపం. చివర్లో ఒక్క క్షణం అందరం ఆగాలి. నాలుగు వేలమందీ ఆగాం. కెజయా ఒళ్ళు మరిచి గొంతెత్తేసింది. అబ్బ, ఏం గొంతు! మేడంతా మోగింది. తిరుగు రైల్లో మాస్టారు, "మన పరువు తీసిందెవరు?" అని ఎగిరాడు. అందరూ కిటికీల వైపు తిరిగారు. "పక్కనే ఉన్నావుగా, చెప్పవోయ్" అని నా మీద పడ్డాడు. చెప్పేశాను. నన్ను ముందు వరసలో నిలబెడతాడేమోనని పిచ్చి ఆశ, ఛీ! చెవిలోనే చెప్పాను సుమా. కానీ మిల్లు నోరాయె, గుసగుసలాడినా పెదాలు ఇంతింత తెరుచుకున్నాయి. ఎదురు బల్ల మీద కూర్చున్న కెజయా మొత్తం చదివేసింది. మాస్టారు చెయ్యి చాపకముందే పతకం ఊడదీసి ఆయన ఒళ్ళో పడేసింది.

బతిమాలుకోలేదా అంటావా? ఎలా తల్లీ, నా మొహం చూస్తేగా! పదకొండేళ్ళు ఎదురెదురు మగ్గాల మీద పనిచేశాం. నేనటు చూస్తే తను దారాలు చూసుకునేది. అరిస్తే వినబడదు. ఉత్తరం రాద్దామంటే తనకి చదువు రాదు, ఇంకొకరి చేత చదివించుకునే మాటా అది? పెళ్ళీ పెటాకులూ లేకుండా ఇదిగో, ఈ కుర్చీ, నేనూ మిగిలాం. ఓ చలికాలం కెజయా దగ్గు పట్టుకుని పోయింది. చూడ్డానికి వెళ్ళాను. కళ్ళు మూసుకుని ఉంది. వంగి, "తప్పయిపోయింది కెజయా" అన్నాను. పక్కన వాళ్ళమ్మ, "ఏదో అన్నావు నాయనా, వినబడలేదు" అంది. అప్పుడు తెలిసింది, గొంతు రానేలేదు, ఉత్త పెదాలే కదిపానని.

ఆ కిటికీ వేసెయ్యమ్మా, చలేస్తోంది.